కాలిన్ చాప్‌మన్

ఆంథోనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్ (మే 19, 1928 - డిసెంబర్ 16, 1982) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ మోటారు వాహన ఇంజనీరు, లోటస్ కార్ల సంస్థ వ్యవస్థాపకుడు. పాత కారు విడిభాగాలతో ఇంటి వెనుక కారు తయారు చేసుకొనే యువకుడిగా మొదలై, ఫార్ములా వన్ పందేలలో అనేక ప్రపంచ విజేతలను అందించిన జట్టుకు అధిపతి అయ్యాడు. కారు బరువు తగ్గించడము, చట్రమును దృఢముగా చేయడము, చక్రాలను నేలకు అంటిపెట్టుకొని ఉండేలా చూడడము అనే మూడు విషయాలపై ఇతడు జీవితాంతము కృషి చేసాడు. కొనుగోలుదారుడు ఇంటివద్దనే బిగించుకొనగలిగే కిట్ కార్ల చరిత్రలోను, సస్పెన్షన్ రూపకల్పనలోను ఇతని పేరు తప్పక వినిపిస్తుంది. తేలికదనము కోసం భద్రతను బలిపెట్టాడన్న విమర్శ కూడా ఇతనిపై ఉన్నది.

బాల్యము, విద్యాభ్యాసము

చాప్‌మన్ లండన్ సమీపములోని రిచ్‌మండ్‌లో జన్మించాడు. తండ్రి ఉత్తర లండన్‌లోని హార్న్సీలో రైల్వే హోటల్ నడిపేవాడు. ఈ హోటల్ వెనుకనున్న పాత గుర్రపుశాలయే తరువాతి కాలములో లోటస్ సంస్థకు తొలి కార్యశాల అయింది.

ఇతడు యూనివర్సిటీ కాలేజీ, లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరింగు చదివాడు. భవనాలకు, వంతెనలకు సంబంధించిన ఈ విద్య కార్ల రూపకల్పనలో ఎంతో ఉపయోగపడింది. ఏ కడ్డీ మీద ఎంత భారము పడుతుంది, ఏది సాగుతుంది, ఏది నలుగుతుంది అని లెక్కకట్టి, అవసరము లేని లోహాన్ని తొలగించే అలవాటు అక్కడే ఏర్పడింది. విద్యార్థి దశలోనే విశ్వవిద్యాలయ వైమానిక దళములో చేరి విమానము నడపడము నేర్చుకున్నాడు. చదువు పూర్తయిన పిదప కొంతకాలము రాయల్ ఎయిర్ ఫోర్సులోను, తరువాత బ్రిటిష్ అల్యూమినియమ్ కంపెనీలోను పనిచేసాడు. హేజెల్ విలియమ్స్‌తో 1944లో పరిచయమైంది. వారి వివాహము 1954లో జరిగింది. సంస్థ ఆరంభములో ఆమె ఆర్థికముగాను, శ్రమపరముగాను అండగా నిలిచింది.

తొలి కార్లు

చదువుకునే రోజులలోనే చాప్‌మన్ ఒక మిత్రునితో కలిసి పాత కార్ల వ్యాపారము చేసాడు. యుద్ధానంతర కాలములో బ్రిటనులో పెట్రోలుకు రేషన్ ఉండేది. 1947 చివరలో సాధారణ ప్రజలకిచ్చే కోటాను ప్రభుత్వము రద్దు చేయడముతో పాత కార్ల ధరలు పడిపోయి వ్యాపారము దెబ్బతిన్నది. అమ్ముడుపోకుండా మిగిలిపోయిన ఒక ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, హేజెల్ ఇంటి వెనుకనున్న గ్యారేజిలో దానికి ప్లైవుడ్డు, అల్యూమినియము రేకులతో కొత్త శరీరము అమర్చాడు. 1948లో పూర్తయిన ఈ కారే లోటస్ మార్క్ 1. లోటస్ అనగా తామర. ఈ పేరు ఎందుకు పెట్టాడో చాప్‌మన్ బహిరంగముగా వెల్లడించలేదు. సంస్థ చిహ్నములోని నాలుగు ఆంగ్ల అక్షరాలు ఇతని పూర్తి పేరులోని మొదటి అక్షరాలే.

ఆ కాలములో అమెరికా యువకులు పాత ఫోర్డు కార్ల నుండి బరువు తీసివేసి, ఎత్తు తగ్గించి, ఇంజను శక్తి పెంచి హాట్ రాడ్ అనే కార్లు తయారు చేసేవారు. బ్రిటనులో ఇదే విధముగా ఆస్టిన్ సెవెన్, చిన్న ఫోర్డు కార్లతో చేసిన వాహనాలను స్పెషల్స్ అనేవారు. రెండు చోట్లా ప్రధాన సమస్య ఒకటే. పాత ఫోర్డు కార్లలో ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప ఇరుసుకు తగిలించి ఉండేవి. దానిపై అడ్డముగా ఒక పట్టీల స్ప్రింగు ఉండేది. ఒక చక్రము గతుకులో పడితే రెండవ చక్రము కూడా వంగేది.

మార్క్ 2 కారుకు చాప్‌మన్ ఫోర్డు ఇంజను వాడాడు. 1950లో సిల్వర్‌స్టోన్ పందెములో దీనిని నడిపిన తరువాత ఇతని ఆసక్తి కొండదారి పోటీల నుండి ట్రాక్ పందేల వైపు మళ్ళింది. 1951 నాటి మార్క్ 3లో ఆస్టిన్ సెవెన్ ఇంజనులోనికి గాలి, ఇంధనము పోయే మార్గాన్ని తెలివిగా విభజించి శక్తి పెంచాడు. పోటీదారులు అందుకోలేకపోవడముతో తరువాత ఆ పద్ధతిని నిబంధనల ద్వారా నిషేధించారు. నిబంధనలోని ప్రతి మాటను చదివి, అది చెప్పని చోటును వెతికే ఇతని ధోరణికి ఇది తొలి ఉదాహరణ.

లోటస్ సంస్థ, కిట్ కార్లు

1952లో చాప్‌మన్, మిత్రుడు మైకేల్ అలెన్ కలిసి లోటస్ ఇంజనీరింగ్ సంస్థను ప్రారంభించారు. పగలు ఉద్యోగము, రాత్రి కార్ల పని అన్న విధముగా కొన్నాళ్ళు సాగి, 1955 నుండి ఇతడు పూర్తికాలము సంస్థకే కేటాయించాడు. 1959లో సంస్థ చెష్‌హంట్‌కు, 1966లో నార్ఫోక్ జిల్లాలోని హెథెల్ అనే పాత యుద్ధ విమానాశ్రయానికి తరలింది.

సంస్థ పేరు మొదట నిలబెట్టినది మార్క్ 6. 1952 - 1955 మధ్య సుమారు వంద కార్లు తయారయ్యాయి. సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా అతికించి చేసిన దీని చట్రము బరువు సుమారు 25 కిలోలు మాత్రమే. కొనుగోలుదారుడు చట్రాన్ని లోటస్ నుండి కొని, ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు పాత ఫోర్డు కారు నుండి తెచ్చుకొని స్వయముగా బిగించుకొనేవాడు. ముందువైపు ఫోర్డు ఇరుసును మధ్యకు కోసి, రెండు ముక్కలను చట్రము మధ్యలో కీలుపై నిలిపి, చుట్టల స్ప్రింగులు అమర్చేవారు. దీనితో రెండు చక్రాలు విడివిడిగా కదలగలిగేవి. వెనుక ఇరుసు పక్కలకు జరగకుండా ఒక అడ్డ కడ్డీ ఉండేది.

ఈ ఏర్పాటులో కారు ఎత్తుకు ఎంతో ప్రాముఖ్యము ఉన్నది. ఇరుసు ముక్క కీలు వద్ద తిరుగుతుంది కాబట్టి, కారు శరీరము కిందికి దిగితే చక్రాల పై అంచులు లోపలికి వాలుతాయి. పైకి లేస్తే బయటికి వాలుతాయి. వెనుకనున్న అడ్డ కడ్డీ నేలకు సమాంతరముగా లేకపోతే, ఇరుసు పైకి కిందికి కదిలినప్పుడు పక్కకు కూడా లాగబడుతుంది. కనుక స్ప్రింగులను కురచ చేసి కారును కిందికి దించితే సరిపోదు. మిగిలిన కొలతలన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి.

లోటస్ సెవెన్

1957లో విడుదలైన లోటస్ సెవెన్ ప్రపంచములో అత్యంత ప్రసిద్ధి పొందిన కిట్ కారు. ఆనాడు బ్రిటనులో పూర్తిగా తయారైన కొత్త కారుపై కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొని బిగించుకుంటే పన్ను వర్తించేది కాదు. అందువలన సామాన్య ఆదాయము గలవారు కూడా దీనిని కొనగలిగారు. బిగింపు సూచనలు ఇవ్వరాదన్న నిబంధనను దాటడానికి, కారును విప్పే సూచనలు ఇచ్చి వాటిని చివరి నుండి మొదటికి చదువుకోమనేవారని ఒక కథ ప్రచారములో ఉన్నది. 1973లో విలువ ఆధారిత పన్ను రావడముతో ఈ వెసులుబాటు పోయింది.

తొలి సెవెన్ కార్ల బరువు 500 కిలోల లోపే. ముందు సస్పెన్షన్‌లో కింద ఒక విష్‌బోన్ ఉండగా, పైన ఒక కడ్డీ, కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ కలిసి పై విష్‌బోన్ పనిచేస్తాయి. ఒకే భాగము చేత రెండు పనులు చేయించి బరువు, ఖర్చు తగ్గించడము చాప్‌మన్ పద్ధతి. అయితే ఈ పద్ధతికి మూల్యము కూడా ఉండేది. 1960లో వచ్చిన రెండవ శ్రేణి సెవెన్‌లో వెనుక ఇరుసు మధ్యభాగానికి కింద ఒక త్రికోణపు చట్రము తగిలించారు. చట్రము నుండి వచ్చే బలాలన్నీ తేలికపాటి ఇరుసు పెట్టెపై పడి, అది వదులై నూనె కారేది.

సెవెన్ కార్లు సుమారు 2,500 తయారయ్యాయి. 1967 నాటి ది ప్రిజనర్ అనే టెలివిజన్ ధారావాహికలో కనిపించడముతో ఈ కారుకు మరింత ప్రచారము వచ్చింది. 1973లో దీని హక్కులను కేటర్‌హామ్ కార్స్ సంస్థ తీసుకొని, కేటర్‌హామ్ సెవెన్ పేరుతో ఉత్పత్తి కొనసాగించింది. అనేక దేశాలలో ఈ నమూనాను అనుసరించి వందలాది చిన్న సంస్థలు, ఔత్సాహికులు కార్లు చేసారు.

ఎత్తు, సస్పెన్షన్ సర్దుబాటు

సెవెన్ తరహా కిట్ కార్లను బిగించినవారు చివరగా చేయవలసిన పని సస్పెన్షన్ సర్దుబాటు. చాప్‌మన్ ఆలోచనా విధానము అర్థము కావడానికి ఈ పని తెలుసుకోవడము ఉపకరిస్తుంది. ఆధునిక కిట్ కార్లలో స్ప్రింగు కింది అంచు ఆనుకొని ఉండే పళ్ళెము మరలుపై తిరుగుతుంది. దానిని పైకి తిప్పితే కారు ఆ మూల లేస్తుంది. కిందికి తిప్పితే దిగుతుంది. ఇలా తిప్పినంత మాత్రాన స్ప్రింగు గట్టిదనము మారదు, ఎత్తు మాత్రమే మారుతుంది.

పని సాధారణముగా ఈ వరుసలో జరుగుతుంది.

1. కారును చదునైన నేలపై నిలిపి, నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. టైరులో గాలి తగ్గితే కారు ఎత్తు కూడా తగ్గుతుంది.
2. ఇంధనము నింపి, డ్రైవరు సీటులో డ్రైవరంత బరువు ఉంచాలి. ఇంత తేలికైన కారులో 75 కిలోల మనిషి కూర్చుంటే అది కారు బరువులో ఆరవ వంతు వరకు ఉంటుంది. ఖాళీ కారును సర్దితే ఆ కొలతలు పనికిరావు.
3. కారును ముందుకు వెనుకకు కొద్దిగా దొర్లించి, నాలుగు మూలల నొక్కి వదలాలి. లేకపోతే కీళ్ళ బిగువు వలన కారు తన అసలు ఎత్తుకు రాదు.
4. చట్రముపై నిర్ణీత స్థానాల నుండి నేల వరకు ఎత్తు కొలిచి, పళ్ళేలు తిప్పి సరిచేయాలి.
5. నాలుగు చక్రాల కింద తూకాలు ఉంచి ఒక్కొక్క చక్రముపై పడే బరువు చూడాలి. ఒక మూల పళ్ళెము పైకి తిప్పితే ఆ చక్రముపైన, దానికి ఐమూలగా ఉన్న చక్రముపైన బరువు పెరుగుతుంది. మిగిలిన రెండింటిపై తగ్గుతుంది. కుంటి కుర్చీలో ఒక కాలి కింద చెక్క పెట్టినట్లే ఇదికూడా.
6. చివరగా, చక్రము నిలువుగా ఎంత వాలి ఉన్నదో, పైనుండి చూస్తే ఎంత లోపలికి తిరిగి ఉన్నదో సరిచేయాలి. ఎత్తు మారితే ఈ రెండూ మారతాయి కాబట్టి ఇవి చివరనే చేయాలి.

ఈ సర్దుబాటుకు ఫలితము కనిపించాలంటే చట్రము గట్టిగా ఉండాలి. చట్రమే మెలితిరిగితే అది కూడా ఒక అదుపులేని స్ప్రింగు వలె ప్రవర్తిస్తుంది. అప్పుడు స్ప్రింగులను ఎంత సర్దినా ప్రయోజనము ఉండదు. ఆనాటి పందెపు కార్లు చాలావరకు మెలితిరిగే చట్రము, బిగుతైన స్ప్రింగులతో ఉండేవి. చాప్‌మన్ దీనిని తలకిందులు చేసాడు. చట్రము గట్టిగా, స్ప్రింగులు మెత్తగా, చక్రాల కదలిక పొడుగ్గా ఉండాలని ఇతని సిద్ధాంతము. చక్రము గతుకును అనుసరిస్తే టైరు నేలను వదలదు. టైరు నేలను వదలకపోతే పట్టు పోదు.

రోడ్డు కార్లు

1957లో ప్రదర్శించిన ఎలీట్ కారు శరీరము, చట్రము కలిపి ఫైబర్ గ్లాసుతో చేయబడింది. దీని వెనుక సస్పెన్షన్‌లో చాప్‌మన్ స్ట్రట్ అనే ఏర్పాటు ఉన్నది. ఇది అంతకు ముందు లోటస్ 12 పందెపు కారులో వాడబడింది. స్ప్రింగు, డ్యాంపరు గల పొడవైన నిలువు కమ్మీ చక్రాన్ని పైనుండి పట్టుకోగా, ఇంజను శక్తిని చక్రానికి చేరవేసే కడ్డీయే కింది నుండి చక్రాన్ని పక్కకు జరగకుండా నిలుపుతుంది. 1962 నాటి ఎలాన్‌లో ఉక్కు రేకుతో చేసిన వెన్నెముక వంటి చట్రము ఉన్నది. సుమారు 680 కిలోల ఈ కారు మెత్తని ప్రయాణానికి, మలుపులలో నిలకడకు పేరుపొందింది. ఎలాన్ కూడా కిట్‌గా లభించేది. 1976లో వచ్చిన ఎస్ప్రిట్ మరుసటి సంవత్సరము జేమ్స్ బాండ్ చిత్రము ది స్పై హూ లవ్డ్ మీ ద్వారా ప్రపంచమంతటా పరిచయమైంది.

ఫార్ములా వన్

లోటస్ జట్టు 1958లో మొనాకోలో తొలిసారిగా ఫార్ములా వన్ పందెములో పాల్గొన్నది. అంతకు ముందే చాప్‌మన్ వాన్‌వాల్ జట్టు కారుకు చట్రము, సస్పెన్షన్ రూపకల్పన చేసాడు. 1958లో తొలిసారి ప్రవేశపెట్టిన తయారీదారుల ప్రపంచ పురస్కారము వాన్‌వాల్‌కే దక్కింది. 1960లో మొనాకోలో స్టిర్లింగ్ మాస్ ఒక ప్రైవేటు జట్టు తరపున లోటస్ 18 నడిపి లోటస్‌కు తొలి విజయము అందించాడు. లోటస్ సొంత జట్టు తొలి విజయము 1961లో అమెరికాలో ఇన్నెస్ ఐర్లండ్ ద్వారా వచ్చింది.

1962 నాటి లోటస్ 25 ఫార్ములా వన్ కార్ల నిర్మాణాన్నే మార్చివేసింది. గొట్టాల చట్రము బదులు విమానము వలె అల్యూమినియము రేకులతో పెట్టె వంటి మోనోకాక్ నిర్మించారు. ఇది పాతదాని కంటే తేలిక, ఎన్నో రెట్లు దృఢము. ముందు స్ప్రింగులు గాలికి అడ్డురాకుండా శరీరము లోపలే ఉండేవి. స్కాట్లండుకు చెందిన జిమ్ క్లార్క్ ఈ కారుతో 1963లో పది పందేలకు ఏడు గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు. 1965లో మరల విజేత అయ్యాడు. అదే సంవత్సరము లోటస్ 38తో ఇండియానాపొలిస్ 500 పందెము గెలిచాడు. అక్కడి మలుపులన్నీ ఎడమ వైపే కాబట్టి ఆ కారు శరీరమును చక్రాల మధ్య నుండి ఎడమకు జరిపి అమర్చారు. ఇంజను వెనుక ఉన్న కారు అక్కడ గెలవడము ఆధునిక యుగములో అదే మొదలు. నాటి నుండి అక్కడ గెలిచిన కార్లన్నీ అటువంటివే.

1967లో వచ్చిన లోటస్ 49లో కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజను చట్రములో భాగముగా పనిచేసింది. వెనుక సస్పెన్షన్ ఇంజను, గేరుపెట్టెలకే బిగించబడింది. హాలండులోని జాండ్‌వోర్ట్‌లో తొలి పందెములోనే క్లార్క్ గెలిచాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ పందెములో క్లార్క్ మరణించడము చాప్‌మన్‌ను తీవ్రముగా కలచివేసింది. ఆ సంవత్సరము గ్రాహమ్ హిల్ ప్రపంచ విజేత అయ్యాడు.

అదే కాలములో కార్లకు రెక్కలు అమర్చడము మొదలైంది. రెక్క కారును నేలకు నొక్కుతుంది. కాని అది కారు శరీరముపై ఉంటే స్ప్రింగులు నలిగి కారు కిందికి దిగిపోతుంది. అందుచేత లోటస్ రెక్కను సన్నని నిలువు కమ్మీలపై ఎత్తుగా నిలిపి, నేరుగా చక్రాల సస్పెన్షన్‌కే తగిలించింది. 1969లో స్పెయిన్ పందెములో రెండు లోటస్ కార్ల రెక్కలు విరిగి హిల్, జోకెన్ రింట్ ఇద్దరూ ప్రమాదానికి గురయ్యారు. తరువాతి మొనాకో పందెములో ఎత్తైన రెక్కలను నిషేధించారు.

లోటస్ 72

1970లో వచ్చిన లోటస్ 72 బాణపు మొన వంటి ఆకారము, పక్కలకు మార్చిన రేడియేటర్లతో కొత్తగా కనిపించింది. చుట్టల స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు వాడారు. ముందు బ్రేకులను చక్రాల నుండి తీసి శరీరము లోపల ఉంచడముతో చక్రాల బరువు తగ్గింది. బ్రేకు వేసినప్పుడు ముక్కు దిగకుండా, వేగము పెంచినప్పుడు వెనుక కుంగకుండా సస్పెన్షన్ కోణాలను అమర్చారు. అయితే ఈ కోణాల వలన స్టీరింగు బరువెక్కి, కారు ప్రవర్తన డ్రైవరుకు తెలియకుండా పోయింది. చాప్‌మన్ వెనుకాడకుండా వాటిని తొలగించి సస్పెన్షన్‌ను మళ్ళీ చేయించాడు. ఆ తరువాత రింట్ ఈ కారుతో వరుసగా నాలుగు పందేలు గెలిచాడు.

1970 సెప్టెంబర్ 5న ఇటలీలోని మోంజాలో సాధన సమయములో రింట్ మరణించాడు. ముందు బ్రేకును చక్రానికి కలిపే కడ్డీ విరగడము ప్రమాదానికి కారణమని, పక్కనున్న ఇనుప కంచె సరిగా అమర్చకపోవడము మరణానికి దారితీసిందని విచారణలో తేలింది. అప్పటికే సంపాదించిన పాయింట్లతో రింట్ ఆ సంవత్సరపు ప్రపంచ విజేత అయ్యాడు. మరణానంతరము ఈ గౌరవము పొందినది ఇతడొక్కడే. 1972లో ఎమర్సన్ ఫిట్టిపాల్డి ఇదే నమూనాతో విజేత అయ్యాడు. 1975 వరకు వాడుకలో ఉన్న లోటస్ 72 మొత్తము 20 పందేలు గెలిచింది.

నేల ప్రభావము

1977 నాటి లోటస్ 78, 1978 నాటి లోటస్ 79 కార్లతో చాప్‌మన్ బృందము మరొక విప్లవము తెచ్చింది. పీటర్ రైట్, టోనీ రడ్ మొదలైనవారు ఇందులో ముఖ్యులు. కారు పక్క భాగాల అడుగును తిరగవేసిన విమానపు రెక్క ఆకారములో మలిచారు. కారు కింద గాలి వేగముగా పోయి అక్కడ పీడనము తగ్గుతుంది. దానితో కారు నేలకు పీల్చుకొనబడుతుంది. పక్కల నుండి గాలి చొరబడకుండా నేలను తాకుతూ జారే అంచులు అమర్చారు. 1978లో మారియో ఆండ్రెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. సహచరుడు రోనీ పీటర్సన్ అదే సంవత్సరము మోంజాలో జరిగిన ప్రమాదములో గాయపడి మరునాడు మరణించాడు.

ఈ విజయము చాప్‌మన్ పాత సిద్ధాంతానికే చిక్కు తెచ్చిపెట్టింది. నేల ప్రభావము నిలకడగా ఉండాలంటే కారు ఎత్తు మారకూడదు. ఎత్తు మారకుండా ఉండాలంటే స్ప్రింగులు రాయివలె బిగుసుకొని ఉండాలి. మెత్తని స్ప్రింగుల కోసం జీవితమంతా వాదించిన వ్యక్తి కనిపెట్టిన పద్ధతి, చివరకు స్ప్రింగులే లేనట్టి కార్లకు దారితీసింది. 1979 నాటి లోటస్ 80 ఇంకా ఎక్కువ పీడనము ఆశించి విఫలమైంది. పీల్చుడు బలము వలన కారు కిందికి దిగడము, దిగగానే గాలి ఆగి బలము పోయి పైకి లేవడము, మళ్ళీ దిగడము జరిగి కారు నీటిలో ఎగిరే చేప వలె ఊగేది.

1981లో జారే అంచులను నిషేధించి, కారు అడుగు నేలకు కనీసము 6 సెం.మీ. ఎత్తున ఉండాలని నిబంధన పెట్టారు. అయితే నిలిచి ఉన్న కారును మాత్రమే కొలవగలరు. బ్రాభమ్ జట్టు, వేగము పెరిగినపుడు తానే కిందికి దిగి, నెమ్మదించినపుడు లేచే హైడ్రోన్యూమాటిక్ సస్పెన్షన్ తెచ్చింది. అధికారులు దానిని అనుమతించారు. చాప్‌మన్ సమాధానము లోటస్ 88. ఇందులో రెండు చట్రాలు. బయటి చట్రము గాలి బలాన్ని మోస్తూ గట్టి స్ప్రింగుల ద్వారా చక్రాలపై ఆనుతుంది. లోపలి చట్రము డ్రైవరును, ఇంజనును మెత్తని స్ప్రింగులపై మోస్తుంది. కారుకు గట్టిదనము, మనిషికి మెత్తదనము రెండూ దొరుకుతాయి. అయితే మిగిలిన జట్లు అభ్యంతరము తెలుపగా ఈ కారును నిషేధించారు. బ్రాభమ్ ఉపాయాన్ని అంగీకరించి తన దానిని తిరస్కరించడము అన్యాయమని చాప్‌మన్ భావించాడు. నిరసనగా జట్టు ఆ ఏడు శాన్ మారినో పందెములో పాల్గొనలేదు.

విమర్శలు

లోటస్ కార్లు పెళుసుగా ఉంటాయన్న పేరు మొదటి నుండి ఉన్నది. 1960లో బెల్జియమ్‌లోని స్పా వద్ద సాధనలో లోటస్ 18 వెనుక చక్రము ఊడిపోయి స్టిర్లింగ్ మాస్ తీవ్రముగా గాయపడ్డాడు. అదేచోట స్టీరింగు విరిగి మైక్ టేలర్ గాయపడి, తరువాత సంస్థపై న్యాయస్థానములో గెలిచాడు. 1969 స్పెయిన్ ప్రమాదము తరువాత, కొన్ని కిలోలు పెరిగినా సరే బలహీన భాగాలను దృఢపరచమని రింట్ చాప్‌మన్‌కు లేఖ వ్రాసాడు. మరుసటి సంవత్సరమే అతడు మరణించడముతో ఈ లేఖను చరిత్రకారులు తరచుగా ప్రస్తావిస్తారు. ఆ కాలములో అన్ని జట్లలోను డ్రైవర్లు మరణించేవారని, లోటస్ కార్లు ఎక్కువగా ముందుండి నడిచేవని ఇతని సమర్థకులు చెబుతారు. ఒక్కటి మాత్రము స్పష్టము. భాగాన్ని పలుచన చేసేటప్పుడు లెక్కలో పొరపాటు జరిగితే, ఆ మూల్యము చెల్లించేది రూపకర్త కాదు, డ్రైవరు.

అమెరికాకు చెందిన జాన్ డిలోరియన్ ఉత్తర ఐర్లండులో స్థాపించిన కార్ల సంస్థకు లోటస్ సాంకేతిక సహాయము అందించింది. బ్రిటిష్ ప్రభుత్వ ధనముతో నడిచిన ఆ సంస్థ 1982లో దివాలా తీసింది. నిధులు దారిమళ్ళాయని విచారణలో బయటపడింది. 1992లో లోటస్ ఆర్థిక వ్యవహారాల మాజీ అధిపతికి జైలుశిక్ష పడింది. చాప్‌మన్ జీవించి ఉంటే ఇంకా పెద్ద శిక్ష పడేదని న్యాయమూర్తి వ్యాఖ్యానించాడు. చాప్‌మన్‌పై విచారణ జరగనే లేదు.

చివరి రోజులు

1982 ఆగష్టు 15న ఆస్ట్రియా పందెములో లోటస్ తరపున ఎలియో డి ఆంజెలిస్, కేకె రోస్‌బర్గ్ కంటే సెకనులో ఇరవయ్యవ వంతు ముందుగా గీత దాటాడు. ప్రతి విజయానికి నల్లటోపీ గాలిలోనికి విసరడము చాప్‌మన్ అలవాటు. ఇతడు టోపీ విసిరిన చివరి పందెము ఇదే.

అప్పటికే ఇతని ప్రోత్సాహముతో యాక్టివ్ సస్పెన్షన్ అనే పరిశోధన సాగుతున్నది. ఇందులో చక్రాల కదలికను కొలిచే పరికరాలు కంప్యూటరుకు సమాచారము పంపగా, స్ప్రింగుల పని హైడ్రాలిక్ గొట్టాలు చేస్తాయి. కారు ఎత్తును మరలు తిప్పి కాక క్షణక్షణము యంత్రమే సర్దుతుంది. మెత్తదనము, గట్టిదనము మధ్య చాప్‌మన్ ఎదుర్కొన్న చిక్కుకు ఇది అసలైన పరిష్కారము. 1982 డిసెంబర్ 16న ఇతడు గుండెపోటుతో 54వ యేట మరణించాడు. యాక్టివ్ సస్పెన్షన్ అమర్చిన లోటస్ ఫార్ములా వన్ కారు తొలి పరీక్ష కూడా అదే రోజు స్నెటర్టన్‌లో జరిగింది. నార్ఫోక్‌లోని ఈస్ట్ కార్ల్‌టన్ గ్రామ చర్చి ఆవరణలో ఇతని సమాధి ఉన్నది.

వారసత్వము

లోటస్ కార్లు ఫార్ములా వన్‌లో 79 పందేలు గెలవగా, వాటిలో 72 చాప్‌మన్ జీవితకాలములోనివి. 1963, 1965, 1968, 1970, 1972, 1973, 1978 సంవత్సరాలలో తయారీదారుల పురస్కారము లభించింది. 1987లో ఐర్టన్ సెన్నా యాక్టివ్ సస్పెన్షన్ గల లోటస్ 99టీతో మొనాకో, డెట్రాయిట్ పందేలు గెలిచాడు. ఈ పద్ధతిని విలియమ్స్ జట్టు మరింత అభివృద్ధి చేయగా, 1993 తరువాత నిషేధించారు. లోటస్ జట్టు 1994 పందేల తరువాత మూతపడింది. కార్ల సంస్థ 1986లో జనరల్ మోటార్స్‌కు, 1996లో మలేషియాకు చెందిన ప్రోటాన్‌కు, 2017లో చైనాకు చెందిన గీలీకి చేతులు మారింది.

నేటి ఫార్ములా వన్ కార్లలో కనిపించే మోనోకాక్ నిర్మాణము, చట్రములో భాగమైన ఇంజను, కారు అడుగు నుండి పుట్టే నేల పట్టు లోటస్ కార్ల ద్వారానే వ్యాప్తిలోనికి వచ్చాయి. మరొకవైపు, సెవెన్ తరహా కారును ఇంటివద్ద బిగించి, నేలపై మోకాళ్ళూని స్ప్రింగు పళ్ళెమును ఒక్కొక్క చుట్టు తిప్పుతూ ఎత్తు కొలుచుకొనే ఔత్సాహికులు అనేక దేశాలలో ఉన్నారు. చాప్‌మన్ 1948లో గ్యారేజిలో మొదలుపెట్టిన పనినే వారు కొనసాగిస్తున్నారు.